నా సమక్షంలో సేకరించిన తెమడ

రెండేళ్ళ పాటు పొద్దున్నే లేచి, పరాయివాళ్ళ గుమ్మాల ముందు నిలబడి, కాస్త దగ్గండి అని బతిమాలడమే నా ఉద్యోగం. సూక్ష్మజీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది ఇందుకేనా అని మా బంధువులు అడగలేదు. నేనూ వివరంగా చెప్పలేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా కదిపితే "రీసెర్చ్‌లో ఉన్నా" అనేవాణ్ణి. ఆ మాటకు మనుషులు గౌరవంగా ఒక అడుగు వెనక్కి వేస్తారు. దేని మీద అని అడిగి, టీబీ అని విన్నవాళ్ళు గౌరవం లేకుండా ఇంకో రెండడుగులు వేసేవారు. అవి మాస్కులు ముఖాల మీది నుంచి గడ్డాల కిందికి, గడ్డాల కింది నుంచి జేబుల్లోకి దిగిపోయిన రోజులు. నన్ను చూసి కొందరు జేబులు తడుముకోవడం నాకు గుర్తుంది.

మా కేంద్రం తార్నాక వైపు నుంచి విశ్వవిద్యాలయంలోకి వస్తుంటే ఒక మూల, వేపచెట్ల వెనక ఉండేది. ఊపిరితిత్తుల జబ్బుల మీద అక్కడ అధ్యయనాలు జరిగేవి. నేను చేరిన అధ్యయనం సంగతి సూటిగా చెప్పాలంటే ఇంతే: టీబీకి ఇప్పుడు వాడుతున్నన్ని నెలలు కాకుండా, మందుల కలయిక మార్చి తక్కువ నెలలు వాడితే సరిపోతుందా, లేదా. మందులు అయిపోయాక మా పని అయిపోదు, అప్పుడే మొదలవుతుంది. జబ్బు తిరగబెట్టలేదని రుజువు కావాలి కనుక, నయమైనవాళ్ళ దగ్గరికి కొన్ని నెలలకోసారి వెళ్ళి తెమడ తెచ్చి పరీక్ష చెయ్యాలి. వెళ్ళేది నేను, తెచ్చేది నేను.

ఇందులో ఒక చిక్కుంది. నయమైనవాళ్ళకు దగ్గు ఉండదు. దగ్గు లేనివాళ్ళకు తెమడ రాదు. అంటే మందు ఎంత బాగా పనిచేస్తే నా పని అంత చెడుతుంది. అధ్యయనం రాసిన పెద్దలు ఈ సంగతి ఆలోచించే ఉంటారు. కానీ వాళ్ళెవరూ పొద్దున ఆరున్నరకు మాణికేశ్వర్ నగర్ గల్లీలో డబ్బీ పట్టుకుని నిలబడలేదు.

డబ్బీ అంటే వెడల్పు మూతి, మర మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బీ. తిరగేసినా చుక్క కారదు. బస్తీ ఆడవాళ్ళు దాన్ని చూసే చూపులోనే తెలిసేది, వాళ్ళ మనసులో అప్పటికే అందులో జీలకర్ర ఉందని. డబ్బీలను ఐసుగడ్డలు పెట్టిన నీలిరంగు పెట్టెలో తేవాలి. ఆ పెట్టె భుజాన వేసుకుని గల్లీలోకి అడుగు పెట్టగానే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు, పోలియో చుక్కలనుకుని. ఎవరికి టీబీ వచ్చిందో ఇరుగుపొరుగుకు తెలియకూడదు కనుక నేనెందుకు వచ్చానో చెప్పకూడదు. "నీళ్ళ టెస్టు" అని ఒకసారి అన్నాను. మర్నాటికి ముగ్గురు సీసాల్లో నల్లా నీళ్ళు పట్టి ఉంచారు, వాసన వస్తున్నాయని ఫిర్యాదుతో సహా.

ఇప్పుడు తల్చుకుంటే ఆ పొద్దుటి పూటలే ముందు గుర్తొస్తాయి. గోల్నాకలో మా ఇంటి నుంచి స్కూటర్ మీద బయల్దేరితే, క్యాంపస్‌లోకి వచ్చేసరికి గాలి మారిపోయేది. ఎండుటాకుల వాసన. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, రాజ్యాంగంలోని అధికరణాలు పైకి వల్లిస్తూ రోడ్డు మధ్యలో నడిచేవారు. హారన్ కొట్టినా కదిలేవారు కాదు. నెమళ్ళు కదిలేవి. ఆవరణ గోడకు ఒకచోట మనిషి పట్టేంత కంత ఉండేది. యూనివర్సిటీ దాన్ని పూడ్చడం, బస్తీ దాన్ని తెరవడం ఏళ్ళ తరబడి మర్యాదగా సాగుతున్న పనులు. ఆ కంత దాటితే మాణికేశ్వర్ నగర్.

తెచ్చిన డబ్బీలను ల్యాబ్‌లో అప్పగించాలి. ల్యాబ్ అంటే మేడమే. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, బడిపంతులు గారి కూతురు, లాలాగూడలో చర్చి పాటల బృందంలో ఆమెదే ముందు వరుస. రిటైర్మెంట్ దగ్గర పడుతోంది. టీబీ క్రిమిని పెంచడానికి కోడిగుడ్లతో ఒక పదార్థం తయారు చేస్తారు. సన్నటి సీసాల్లో ఏటవాలుగా, లేతాకుపచ్చగా గడ్డకట్టి ఉంటుంది. మేడమ్ ఆ గుడ్లు కొట్టేటప్పుడు కీర్తనలు పాడుకునేది. ఇంట్లో ఈ సంగతి చెబితే మా అమ్మ అడిగింది.

"అంటే పొద్దున లేస్తే గా పురుగులకు ఆమ్లెట్లు ఏస్తరా మీరు?"

"దాదాపు."

"ఇంట్లనేమో ప్లేటు గూడ కడగవు."

ఆ రోజు నుంచి నా గ్లాసు వేరయింది. అది జబ్బు భయమో, ఆమ్లెట్ల కోపమో అడగలేదు.

తెమడకూ ఉమ్మికీ తేడా మేడమ్‌కు డబ్బీ తెరవకుండానే తెలిసిపోయేది. డబ్బీని వెలుతురుకు పట్టి చూసి పక్కన పెట్టేసేది.

"మళ్ళీ ఉమ్మే తెచ్చావా నాన్నా? దీంతో స్టాంపులు అంటించుకోవచ్చుగానీ పరీక్షెలా చేస్తాను?"

"పొద్దున్నే తెచ్చాను మేడమ్."

"పొద్దున్నే తెస్తే మాత్రం? ఉమ్మి పొద్దున్నా ఉమ్మే."

తెమడ లోపలి నుంచి, ఊపిరితిత్తుల అడుగు నుంచి రావాలి. అందుకే నియమాల్లో ఒకటి ఉంది: సేకరించే మనిషి ఎదుట నిలబడి చూడాలి. ఆరుబయట, నాలుగడుగుల దూరంలో, గాలి అటువైపు పోయేలా చూసుకుని. ఫారంలో చివరన ఒక గడి ఉండేది. 'నా సమక్షంలో సేకరించినది.' దానికి టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి.

ఇక పెద్దమ్మ సంగతి. అధ్యయనంలో పేర్లుండవు, నంబర్లే. నాకు ఆ అలవాటు పోలేదు కనుక ఇక్కడా పేర్లు రాయడం లేదు. నంబరు చెబితే బాగుండదు కనుక పెద్దమ్మ అంటున్నాను. నేను అలాగే పిలిచేవాణ్ణి. యాభై దాటి ఉంటాయి. నల్లగొండ వైపు పల్లె నుంచి పెళ్ళయి వచ్చి, గోడకు ఇవతల ఇల్లు, గోడకు అవతల ఆడపిల్లల హాస్టల్ మెస్సులో చపాతీల పని. చపాతీ కర్ర పట్టిన చేయి అది, సంతకం చేసినా గుండ్రంగా వచ్చేది.

టీబీ వచ్చినప్పుడు ఆమెను మెస్సుకు రానివ్వలేదు. మందులన్నీ మింగి, నయమైందని మా డాక్టర్ ఉత్తరం రాసిచ్చాక, వార్డెన్ రెండుసార్లు చదివి, మళ్ళీ పనిలోకి తీసుకుంది. ఆ ఉత్తరం నకలు పెద్దమ్మ ఇంట్లో దేవుడి పటాల పక్కన అద్దంలో ఉండేది.

"ఒక్కసారంటే రానిచ్చిన్రు బిడ్డా," అంది నాతో మొదటి రోజే. "రెండోసారి వచ్చిందంటే మెస్సు గేటు గూడ సూడనియ్యరు. జర మంచిగ సూడు."

మంచిగ చూడడానికి నాకు తెమడ కావాలి. ఆమెకు రాదు. మనిషి చక్కగా ఒళ్ళు చేసింది, గొంతు గంటలా మోగుతోంది, ఛాతీలో ఊడ్చిపెట్టినట్టు ఏమీ లేదు. ఇంటి వెనక గోడ పక్కన నిలబెట్టి నేర్పేవాణ్ణి.

"గట్టిగ గాలి పీల్చు పెద్దమ్మా. ఆపు. ఇప్పుడు లోపలికెళ్ళి దగ్గు."

"హుక్."

"అది గొంతుల నుంచి. పొట్టలకెళ్ళి రావాలె. ఇట్ల." అని నేను దగ్గి చూపించేవాణ్ణి. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, కళ్ళలో నీళ్ళు వచ్చేలా. పక్కింటామె గోడ మీంచి చూసి లోపలికెళ్ళి గ్లాసుతో వేడినీళ్ళు తెచ్చింది.

"సారుకు దగ్గు బాగనే పట్టింది. దవాఖానల సూపించుకోరాదు?"

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఇంటి ముందు నల్లా దగ్గర పెద్దమ్మ భర్త గొంతు సవరించుకుంటూ ఉండేవాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనాడు. ఏ వస్తువునైనా వేళ్ళతో కొలిచి గాని మాట్లాడడు. ఆయన సవరింపు దూరం నుంచి వస్తున్న గూడ్సు బండి. ముందు చిన్నగా, తర్వాత నేల అదిరేలా, చివర ఒక ఈల. బీడీ దగ్గు అని ఇంట్లో అందరూ తేల్చేశారు. పెద్దమ్మకు జబ్బు వచ్చిన కొత్తలో మా వాళ్ళు ఆయనకూ ఎక్స్‌రే తీశారు, బాగానే ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. ఉన్న ఒక్క ఎక్స్‌రే బాగున్నప్పుడు రెండోది తీసి దాన్ని పాడుచేసుకోవడం ఎందుకని ఆయన వాదన.

"నువ్వు గట్ల ఎదురుంగ నిలబడి సూస్తే నాకు రాదు," అనేది పెద్దమ్మ. "సిగ్గయితది. అటు తిరుగు." నేను అటు తిరిగేవాణ్ణి. ఆమె ఉమ్మి ఇచ్చేది. మేడమ్ స్టాంపుల సంగతి చెప్పేది. ఒక విడతలో రెండుసార్లు ఇలా అయింది. ఆ విడత గడువు వారంలో ముగుస్తుందనగా, పెద్దమ్మ అరుగు మీద కూర్చుని నేను నా కష్టాలన్నీ చెప్పుకున్నాను. ల్యాబ్‌లో తిట్లు పడుతున్నాయని, ఈసారి కూడా ఉమ్మే పట్టుకెళితే నాకు ఉద్యోగం చేతకాదని రాస్తారని. చాయ్ బాగుంది, అందుకని కాస్త ఎక్కువే చెప్పాను.

"గింత దానికి అంత పరేషాన్ ఎందుకు?" అంది. "డబ్బీ గీడ ఇచ్చిపో. పొద్దుగాల లేవంగనే వస్తది కావొచ్చు. నువ్వు వచ్చి తీస్కపో."

సాయంత్రం డబ్బీ ఇచ్చి పొద్దున తీసుకెళ్ళడం. నాకు చాలా సుఖంగా తోచిన ఆలోచన. ఎంత సుఖంగా అంటే, ఆ వారం ఇంకో నలుగురికి కూడా అలాగే ఇచ్చాను.

మర్నాడు పెద్దమ్మ డబ్బీ అందిస్తుంటే ఆమె ముఖంలో పరీక్ష పాసైన పిల్ల కళ. డబ్బీ బరువుగా ఉంది. ల్యాబ్‌లో మేడమ్ వెలుతురుకు పట్టి చూసి, కళ్ళజోడు సరిచేసుకుని, నావైపు మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది.

"ఇదీ తెమడంటే. చూడు, చిక్కగా, బంకగా. ఎలా తీయించావయ్యా?"

"ట్రైనింగ్ ఇచ్చాను మేడమ్," అన్నాను. గడిలో టిక్కు పెట్టాను. సంతకం కూడా అందంగా వచ్చింది.

టీబీ క్రిమికి తొందరలేదు. మామూలు సూక్ష్మజీవులు ఒక్క రోజులో సంతానంతో సీసా నింపేస్తాయి. ఇది మాత్రం ఆరు వారాలు, ఎనిమిది వారాలు, ఇష్టమైనప్పుడు. మేడమ్ వారానికోసారి సీసాలన్నీ తీసి చూసేది. ఆ నెలన్నరలో నేను పెద్దమ్మ ఇంట్లో రెండుసార్లు చాయ్ తాగాను, ఒకసారి మెస్సు చపాతీలు తిన్నాను. తర్వాత ఒక మంగళవారం మేడమ్ నన్ను పిలిచి సీసా చూపించింది. ఆకుపచ్చ మీద లేత గోధుమరంగు పొక్కులు. ఎండు రొట్టెముక్క చిదిమి చల్లినట్టు. పెద్దమ్మ నంబరు.

"ఎంత బాగుండేదో పాపం, పిల్ల," అంది మేడమ్. ఆమె లెక్కలో అరవై లోపు అందరూ పిల్లలే.

డాక్టర్ నెమ్మదస్తుడు. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది. పూర్తిగా వినిపించకపోతే చాలా కోపంగా ఉన్నాడని అర్థం. పెద్దమ్మను పిలిపించి మళ్ళీ అన్నీ చేయించాడు. ఎక్స్‌రే పాతదాని లాగే ఉంది. బరువు పెరిగింది. ఉప్పునీటి ఆవిరి పీల్పించి, ఈసారి కేంద్రంలోనే తెమడ తీయించి, రెండు గంటల్లో చెప్పే మెషీన్లో పెడితే ఏమీ లేదని చెప్పింది. కానీ సీసాలో పొక్కులు మాత్రం కళ్ళముందు ఉన్నాయి.

"రెండే దారులు," అన్నాడు డాక్టర్. "జబ్బన్నా తిరగబెట్టి ఉండాలె, మెషీన్‌కు ఇంకా దొరకలేదు. లేకపోతే ల్యాబ్‌ల శాంపిల్ తారుమారయి ఉండాలె. కొత్త సీసాల కల్చర్ వచ్చేదాక ఆమె వంటింట్ల, మూసిన గదిల అంతమందితోని ఉండొద్దు. పనికి పోవద్దని చెప్పు." తర్వాత ఫారం తిరగేసి నావైపు చూశాడు. "నీ ముందటనే తీసిన్రు గదా?"

"అవును సర్."

మూడో దారి ఉందని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. మేడమ్ నేలను చూస్తోంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క సీసా తారుమారు కాలేదని ఆమె చర్చిలో సాక్ష్యం చెప్పినా ఎవరూ నవ్వరు. ఆ సాయంత్రం ఆమె రిజిస్టర్లన్నీ ముందు వేసుకుని కూర్చుంది. గుడ్లు కొట్టే రోజే, కానీ పాట వినిపించలేదు.

పెద్దమ్మకు చెప్పాల్సింది కూడా నేనే. మెస్సు వెనక, గిన్నెలు ఆరబెట్టే గట్టు దగ్గర చెప్పాను. చేతులకు పిండి. పోయినసారి తీసిన డబ్బీలో పురుగు కనబడిందని, మళ్ళీ తేలేదాకా పనికి రాకూడదని. ఆమె ఏదో అనబోయింది. నన్ను చూసింది. చేతుల పిండి మెల్లగా నలిపి రాల్చింది.

"గట్లనా," అంది. "సరే తియ్ బిడ్డా." లోపలికెళ్ళి కర్ర కడిగి పక్కనున్నామెకు ఇచ్చి వచ్చింది. ఏడుస్తుందనుకుని నేను రెండు మూడు ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాను. అవి వాడలేదు, ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి.

మూడు రోజులు నేను ధైర్యవంతుడిలా ఆలోచించాను, పిరికివాడిలా చాయ్ తాగాను. నాలుగో రోజు పొద్దున్నే కంతలోంచి దూరి వాళ్ళింటికి వెళ్ళాను. ఏమడగాలో అనుకుంటూ గల్లీ మలుపు తిరిగేసరికి గూడ్సు బండి వినిపించింది. ముందు చిన్నగా, తర్వాత నేల అదిరేలా, చివర ఈల. నల్లా దగ్గర ఆయన వంగి, కడుపు లోతుల నుంచి తెచ్చి, నేను నేర్పినదానికంటే ఎంతో శాస్త్రీయంగా కార్యక్రమం ముగించాడు. నేను నెలల తరబడి ఊరంతా బతిమాలుతున్న వస్తువు అక్కడ నల్లా నీళ్ళలో కొట్టుకుపోతోంది.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది. నేను చూసింది ఆమె చూసింది.

"పెద్దమ్మా. ఆ డబ్బీ."

"మెల్లగ మాట్లాడు." అరుగు మీద కూర్చుంది. "నాకు వస్తలేకపాయె. నువ్వేమో ముఖం గంత పెట్టుకొని కూసుంటివి. ఇంట్ల చూస్తే రోజుకు గింత నల్లాల పోతున్నది. ఒకరిదైతేంది, ఇంకొకరిదైతేంది, డబ్బీ నిండాలె గదా అనుకున్న."

"పెద్దనాయనకు తెలుసా?"

"డబ్బీల ఉమ్మితెనే చాయ్ అన్న. ఉమ్మిండు."

"మరి పురుగు కనబడ్డదన్నప్పుడు చెప్పొద్దా?"

"చెప్తే ఏమైతది? నువ్వు సూడకుండనే సంతకం పెట్టినవని తెలుస్తది. నీ నౌకరీ పోతది." కొంగుతో అరుగు మీద లేని దుమ్ము తుడిచింది. "నేనైతే చపాతీలు యాడనన్న చేసుకుంట. ఆయనను సపరేట్‌గ గాంధీ దవాఖానకు తోల్కపోదామనుకున్న, నీ మీదికి రాకుండ. మూడు దినాల సంది అడుగుతున్న, కదుల్తలేడు."

నా ఉద్యోగం కోసం ఆమె తన ఉద్యోగం వదిలేసుకుని మూడు రోజులైంది. నా ఉద్యోగం కోసం నేను కూడా ఆమె ఉద్యోగం వదిలేసి మూడు రోజులైంది. ఆ విషయంలో మా ఇద్దరిదీ ఒకటే మాట. నాకు అప్పుడు హాస్యం ఏమీ తోచలేదు. చాయ్ తెస్తానంటే వద్దన్నాను. అది ఆమెకు నిజంగా భయం వేసిన క్షణం అనుకుంటాను.

అటునుంచి అటే కేంద్రానికి వెళ్ళి డాక్టర్‌కూ మేడమ్‌కూ కలిపి ఒకేసారి చెప్పాను. రెండుసార్లు చెప్పే శక్తి లేదు. సాయంత్రం డబ్బీలు, ఇంకో నలుగురు, టిక్కులు, ట్రైనింగ్ ఇచ్చానన్న మాట, అన్నీ. డాక్టర్ పెదవులు కదిలాయి. ఏమీ వినిపించలేదు.

మేడమ్ ముందున్న రిజిస్టరు మూసింది.

"అయితే నా సీసా అబద్ధం చెప్పలేదు," అంది.

"లేదు మేడమ్."

"నువ్వు చెప్పావు."

"అవును మేడమ్."

"మంచి తెమడ అని నేను మెచ్చుకున్నాను కూడాను." లేచి, కొంగు సర్దుకుంది. "ఆ ముసలాయన్ని తీసుకురా ముందు. నిన్ను తర్వాత చూస్తాను."

పెద్దాయనను తేవడం అంత తేలిక కాలేదు. మంచం మీద కూర్చుని, నన్ను పైనుంచి కిందికి వేళ్ళతో కొలిచాడు.

"అంటే నేను దగ్గి తీసిన గల్ల, నాకు చెప్పకుండ, ఈమె పేరు మీద జమ చేసినవ్."

"తప్పే పెద్దనాయనా."

"ముప్పై ఆరేండ్లు వర్క్‌షాపుల చేసిన. ఎవనిపని వానిపేరు మీదనే రాసినం."

"అందుకే రమ్మంటున్న. నీది నీ పేరు మీదనే రాద్దాం."

ఆయనకు అది న్యాయమైన మాటలాగే వినిపించినట్టుంది. పెద్దమ్మ చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

"రాకుంటే చాయ్ బంద్," అంది.

ఈసారి నేను అటు తిరగలేదు. కేంద్రం వెనక వేపచెట్టు కింద, నాలుగడుగుల దూరంలో, గాలి చూసుకుని, ఎదురుగా నిలబడ్డాను. ఆయనకు సిగ్గేమీ లేదు. వర్క్‌షాపులో కొత్తవాడికి పని చూపించినట్టు తీరుబాటుగా చేసి చూపించాడు. రెండు గంటల్లో చెప్పే మెషీన్ రెండు గంటల్లోనే చెప్పింది. మామూలు మందులకు లొంగే రకం. ఆ మధ్యాహ్నమే మందులు మొదలయ్యాయి.

పెద్దమ్మ సీసాను అధ్యయనంలోంచి తీసేసి, ఎందుకు తీసేశారో రాశారు. ఆవిరి పట్టి తీసిన శాంపిల్ కల్చర్ కూడా వారాలు గడిచాక శుభ్రంగా వచ్చింది. కానీ డాక్టర్ అంతవరకు ఆగలేదు. నా ఒప్పుకోలు చేతికి రాగానే వార్డెన్‌కు ఇంకో ఉత్తరం రాశాడు, పెద్దమ్మకు జబ్బు లేదని, పొరపాటు మా వైపుదని. పెద్దమ్మ దాన్ని కూడా అద్దం కట్టించింది. భర్త విషయం వార్డెన్‌కు చెప్పాలా అని నేను అడిగితే డాక్టర్ వినిపించేలా అన్నాడు, "పేషెంట్ సంగతి ఎవరికీ చెప్పొద్దని నీకు మొదటి రోజే చెప్పిన. ఆ ఒక్క రూలన్న పాటించు."

నా మీద విచారణ జరిగింది. రెండు పేజీల వివరణ రాశాను. మొదటి ప్రతిలో ఒక జోకు ఉందని వెనక్కి ఇచ్చారు. మిగతా నలుగురి శాంపిళ్ళూ కొట్టేసి మళ్ళీ తీయించారు. అవి వాళ్ళవేనని నలుగురూ ప్రమాణం చేశారుగానీ, ప్రమాణాన్ని సీసాలో పెట్టి పెంచడానికి లేదని మేడమ్ అంది. రెండు నెలలు నన్ను బయటికి పంపకుండా ల్యాబ్‌లో గుడ్లు కడిగే పనిలో పెట్టారు. బ్రష్షుతో ఒక్కొక్కటీ. మేడమ్ పక్కనే కూర్చుని కీర్తనలు పాడేది. మూడో వారానికి నాకు చరణాలు వచ్చేశాయి. నాలుగో వారం తన టిఫిన్ డబ్బాలోంచి ఒక గారె తీసి, ఏమీ మాట్లాడకుండా నా వైపు నెట్టింది. క్షమించిందనుకున్నాను. ఉప్పు ఎక్కువైందేమో చూడమని ఇచ్చిందని తర్వాత తెలిసింది.

మళ్ళీ గల్లీలోకి పంపించాక పెద్దమ్మ ఇంటి ముందు దృశ్యం మారిపోయింది. పొద్దున్నే పెద్దాయన మంచం మీద, ఎదురుగా పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"మింగినవా?"

"మింగిన."

"నోరు తెరు. నాలుక లేపు. నేను సూడాలె. సూడకుండ సంతకం పెట్టెటోళ్ళను సూసిన."

నేను నీలిపెట్టెలో ఐసుగడ్డలు లెక్కపెట్టుకునేవాణ్ణి. నాలుగో నెలకు గూడ్సు బండి ఆగిపోయింది. పొద్దుటి పూట గల్లీలో ఏదో తక్కువైనట్టు అనిపించేది.

అధ్యయనం ముగిసింది. మా బృందం చెదిరిపోయింది. మేడమ్ రిటైరై లాలాగూడలోనే ఉంది, పాటల బృందంలో ఇప్పటికీ ముందు వరుస. నేను ఇప్పుడు ఒక కంపెనీలో, చల్లటి గదిలో, వేరే ఊళ్ళ నుంచి వచ్చే ఇలాంటి ఫారాలే తనిఖీ చేస్తాను. 'నా సమక్షంలో' గడిలో అన్నీ టిక్కులే. మరీ వరసగా, మరీ అందంగా ఉన్న టిక్కులు కనబడితే ఆ ఊరికి ఫోన్ చేసి, పొద్దున ఎన్నింటికి తీశారు, గాలి ఎటు ఉంది అని అడుగుతాను. అవతల కాసేపు మాట రాదు. ఆ మౌనం నాకు బాగా పరిచయం. ఎక్కడో మంచి చాయ్ ఇచ్చే ఇల్లుందన్నమాట.

పోయిన నెల తార్నాకలో పనుండి వెళ్ళాను. మెట్రో దిగి, అక్కర్లేకపోయినా క్యాంపస్‌లోకి నడిచాను. ఆకుల వాసన అలాగే ఉంది. రాజ్యాంగం వల్లించేవాళ్ళు మారారు, అధికరణాలు అవే. గోడకు కంత ఆ వారం తెరిచే ఉంది.

పెద్దమ్మ మెస్సు నుంచి అప్పుడే వచ్చింది. పెద్దాయన మంచం మీద బీడీ లేకుండా కూర్చుని, దాని చోటు వేళ్ళతో కొలుస్తున్నాడు. నన్ను చూసి చాయ్ పెట్టింది. మెస్సు పిల్లల సంగతులు, గోడ పూడ్చబోయిన సంగతి, పక్కింటామె ఇప్పటికీ నా దగ్గు గురించి అడుగుతున్న సంగతి చెప్పింది.

"ఇప్పుడు డబ్బీ తెచ్చినా లాభం లేదు బిడ్డా," అంది నవ్వి. "ఇంట్ల ఎవ్వరికీ దగ్గు లేదు. ఏమిస్త నీకు?"

లేచి వంటింట్లోకి వెళ్ళింది. అలమర పై వరసలో మా డబ్బీలే, మర మూతలవి, వాడనివి, నేనెప్పుడో మిగిల్చి పోయినవి. జీలకర్ర, ఆవాలు, మెంతులు. ఒకటి ఖాళీది దింపి, వేడినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచింది. జాడీ తెరిచి గరిటెతో గోంగూర పచ్చడి ఎత్తింది. డబ్బీ మీద లేబుల్ ఇంకా ఉంది. ఆమె నంబరు, నా చేతిరాతతో.

"నువ్వు గా దిక్కు కూసో, చాయ్ తాగు. నేను నింపి తెస్త," అంది.

నేను కూర్చోలేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి, మూత బిగించేదాకా చూశాను.